పెరట్లో ఇల్లు సరే, తెనాలి ఇల్లు ఎందుకు అమ్మాలి?

ఈసారి ఉత్తరం శాన్ హోసే నుంచి. పేరు వెయ్యొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, పిల్లలు పడుకున్నాక ఫోన్లో టైప్ చేశానని రాశారు, కాబట్టి కుదించి చెప్తున్నాను.

ఆవిడకి 39 ఏళ్లు, భర్తకి 43, ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లోనే. అమ్మాయికి 13, అబ్బాయికి 8. ఉన్నది మూడు బెడ్రూముల ఇల్లు, లోపల 1,480 చదరపు అడుగులు, మొత్తం స్థలం 6,500. 2021లో వడ్డీ రేట్లు బాగా పడిపోయినప్పుడు ఇంటి లోన్ రీఫైనాన్స్ చేసుకుని, అంటే పాత లోన్‌ని కొత్త రేటుకి మార్చుకుని, 2.75 శాతానికి లాక్ చేసుకున్నారు. అత్తమామలకి కిందటేడు గ్రీన్ కార్డులు వచ్చాయి. మామగారు రిటైర్డ్ హైస్కూల్ టీచరు, 72 ఏళ్లు. అత్తగారికి 66, మోకాళ్లు బాగాలేవు. వాళ్లు వచ్చి ఐదు నెలలున్నప్పుడు అమ్మాయి తన రూమ్ ఇచ్చేసి తమ్ముడి రూమ్‌లో సర్దుకుంది, రోజూ గొడవే. పోనీ ఇల్లు మారదామని నాలుగు బెడ్రూములవి చూస్తే ఇప్పటి రేట్లకి నెల కిస్తీ రెండింతలు దాటిపోతోంది. అందుకని భర్త పెరట్లోనే ఒక ఏడీయూ కట్టేద్దాం అన్నారు, అంటే అదే స్థలంలో వెనకవైపు వేరే వంటిల్లు, బాత్‌రూమ్‌తో విడిగా ఇంకో ఇల్లు, 750 చదరపు అడుగులు. కాంట్రాక్టరు 3,20,000 డాలర్లు చెప్పాడు.

డబ్బు ఎక్కణ్ణుంచి అంటే తెనాలిలో అత్తమామల ఇల్లు అమ్ముదాం అన్నారు. కోటీ అరవై లక్షలు రావచ్చని అంచనా. స్థలం తాతగారి నుంచి వచ్చింది, మేడ మామగారు పీఎఫ్ లోన్ పెట్టి కట్టించింది. హైదరాబాద్‌లో ఉండే బావగారికి ఈ సంగతి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చూసేదాకా తెలీదు. "నాన్న ఇల్లు అమ్మి నీ పెరట్లో పోస్తావా" అని ఒక మెసేజ్ పెట్టి గ్రూపులోంచి వెళ్లిపోయారు. తోడికోడలు ఫోన్ ఎత్తడం లేదు. మామగారేమో గూగుల్ మ్యాప్స్‌లో ఇల్లు చూసి ఈశాన్యంలో బరువు పడుతోంది, వాయవ్యానికి జరపండి అన్నారు. అత్తగారు "మమ్మల్ని పెరట్లో ఉంచుతారా" అని ఒక్క మాటన్నారు, ఆ తర్వాత ఆ విషయం ఎత్తడమే లేదు.

చివర్లో, ఎక్కడో దాచినట్టుగా, ఇంకోటి రాశారు. ఆవిడ వాళ్లమ్మగారు ఖమ్మంలో ఒక్కరే ఉంటున్నారు, నాన్నగారు పోయి నాలుగేళ్లయింది, ఈవిడ ఒక్కతే కూతురు. ఆ ఇంట్లో మా అమ్మకి చోటుంటుందా అని అడిగితే ఆయన "వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నారట. కట్టాలా వద్దా, అమ్మాలా వద్దా, అత్తగారిని ఎలా ఒప్పించాలి, అమ్మ సంగతి అడగడం నా స్వార్థమా, ఇవీ ఆవిడ అడిగినవి.

ముందు ఒకటి అడుగుతానండి, ఈ రెండు ఇళ్లనీ ఒకదానికొకటి ఎవరు ముడేశారు? పెరట్లో కట్టుకోవడం ఒక నిర్ణయం, తెనాలిది అమ్మడం ఇంకో నిర్ణయం. మీ ఇంట్లో రెండూ ఒకే రోజు ఒకే మెసేజ్‌లో బయటికొచ్చాయి కాబట్టి బావగారి కోపం, అత్తగారి మౌనం, అమ్మ గురించి మీ బెంగ అన్నీ వచ్చి ఆ 750 అడుగుల మీదే పడ్డాయి. విడదీసి చూడండి, కట్టడం అంత పెద్ద చిక్కేం కాదు, అమ్మడంలోనే అసలు చిక్కంతా ఉంది.

ఇల్లు మారకుండా ఉన్నచోటే కడదామన్న మీ ఆయన ఆలోచనలో నాకు తప్పు కనపడలేదు. 2.75 శాతం లోన్ వదులుకుని ఇవాళ్టి రేటుకి కొత్త లోన్‌లో దూరడం అంటే ఆ నాలుగో బెడ్రూమ్ కోసం ముప్పై ఏళ్లు వడ్డీ కట్టుకుంటూ కూర్చోడమే. దానికి తోడు ప్రాపర్టీ టాక్స్. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రొపొజిషన్ 13 వల్ల పన్ను లెక్కలో మీ ఇంటి విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు, ఇల్లు మారారంటే కొత్తగా కొన్న ధర మీద లెక్క మళ్లీ మొదలు. అదే పెరట్లో కడితే పాత ఇంటి విలువని ముట్టుకోరు, కొత్తగా కట్టినదానికి మాత్రం విలువ కట్టి కలుపుతారు, మూడు లక్షల డాలర్లు కలిసిందనుకున్నా ఏడాదికి మూడున్నర వేలు అటూఇటూగా పెరుగుతుంది. మీ వీధిలో ఇంతమంది పెరళ్లు తవ్వుతున్నారంటే కారణం ఇదే. ఇంకో కారణం, 2017 నుంచి, అందులోనూ 2020 నుంచి రాష్ట్రమే చట్టాలు మార్చి సిటీలు అడ్డం చెప్పకుండా చేసింది. 800 చదరపు అడుగుల లోపు, పక్కన, వెనక నాలుగేసి అడుగులు వదిలి ఒక అంతస్తు కట్టుకుంటానంటే సిటీ వద్దనడానికి లేదు, అప్లికేషన్ పూర్తిగా ఇచ్చాక 60 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి, పక్కింటాయన వచ్చి నాకు నీడ పడుతుందన్నా హియరింగ్ అంటూ ఉండదు, హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల ఓనర్ల సంఘం) ఉన్నా పూర్తిగా కుదరదు అనలేదు. 750 దాటితే ఇంపాక్ట్ ఫీజులు, అంటే కొత్త కట్టడం వల్ల ఊరి వసతుల మీద పడే భారానికి వసూలు చేసేవి, పడతాయి కాబట్టి చాలా ప్లాన్లలో 749 అనే ఉంటుంది, మీది కూడా చూసుకోండి. ఈమధ్య ఆ రాష్ట్రంలో పర్మిట్ వచ్చే కొత్త ఇళ్లలో సుమారు ఐదింట ఒకటి ఇలాంటిదే.

అయితే ఆ 60 రోజులు చూసి మోసపోకండి, అది పర్మిట్ మాటే. డ్రాయింగులు, సిటీ వాళ్లు రాసిన కరెక్షన్లు, ఎలక్ట్రికల్ ప్యానెల్ వంద ఆంప్‌లది అయితే రెండు వందలకి మార్చడం, దానికి కరెంటు కంపెనీ వాళ్లు వచ్చేదాకా ఎదురుచూడ్డం, మురుగు లైన్ కోసం పెరడంతా తవ్వకం, ఇన్‌స్పెక్షన్లు, అన్నీ కలిపి మొదటి డ్రాయింగ్ నుంచి తాళం చేతికి రావడానికి ఏడాది పైనే అనుకోండి. ఈ దసరాకి మొదలెట్టి వేసవికి అత్తగారిని తీసుకొచ్చేస్తాం లాంటి లెక్కలు వెయ్యొద్దు.

ఇప్పుడు తెనాలి ఇల్లు.

బావగారి మెసేజ్ మొరటుగానే ఉంది, కానీ ఆయన స్థానంలో ఉండి చూడండి. తాతగారి స్థలం, నాన్న కట్టిన మేడ, అది అమ్మేస్తున్నారన్న సంగతి తమ్ముడు ఫోన్ చేసి చెప్పలేదు, ఆయన గ్రూపులో చదివి తెలుసుకున్నారు. వాటా గురించి కాదు ఆ కోపం అని నేననను, వాటా గురించి కూడా ఉంటుంది, ఉండటంలో తప్పు కూడా లేదు. స్థలం పంపకంలో వచ్చిందా, వీలునామాతో వచ్చిందా, దస్తావేజు ఎవరి పేరున ఉంది, వీటన్నిటిని బట్టి మామగారు ఒక్కరే అమ్మగలరా లేదా అన్నది మారుతుంది, అది తెనాలిలో ఒక లాయరుకి కాగితాలు చూపించి తేల్చుకోవాల్సిందే. చట్టం ఏం చెప్పినా కొనేవాడు మాత్రం కొడుకులిద్దరి సంతకాలూ అడుగుతాడు, మన దగ్గర అంతే కదా. అంటే బావగారిని పక్కనపెట్టి ఈ అమ్మకం ఎలాగూ జరగదు.

ఆ డబ్బు అక్కడికి చేరేసరికి ఏమవుతుందో కూడా చూడండి. ఇండియాలో ఇల్లు అమ్మిన లాభంతో ఇంకో ఇల్లు కొంటే, కడితే పన్ను మినహాయింపు ఉంటుంది కదా, అది ఇండియాలో ఇంటికే, శాన్ హోసేలో కట్టేదానికి వర్తించదు. కాబట్టి లాభం మీద పన్ను కట్టాల్సిందే. మామగారు ఇంకా ఇండియా రెసిడెంట్ లెక్కలో ఉండగా పంపితే ఒక్క మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, కాకపోతే పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను బ్యాంకు పట్టుకుంటుంది, రిటర్న్ వేసుకున్నాక వెనక్కి వస్తుందనుకోండి, కానీ ఆ లోపు కాంట్రాక్టరు ఆగడు. వాళ్లు అమెరికాలో స్థిరపడిపోయి ఎన్ఆర్ఐ అయ్యాక అమ్మితే రూల్సు వేరు, కొనేవాడే ఎక్కువ టీడీఎస్ పట్టుకోవాలి, డబ్బు ఎన్ఆర్ఓ అకౌంట్ (ఎన్ఆర్ఐలు ఇండియాలో వచ్చే డబ్బు వేసుకునేది) ద్వారా రావాలి. చాలామందికి తట్టని విషయం ఇంకోటుంది, గ్రీన్ కార్డు చేతికొచ్చాక మామగారు అమెరికా పన్ను లెక్కలోకి కూడా వస్తారు, తెనాలి ఇంటి లాభం అక్కడి రిటర్న్‌లో కూడా చూపించాలి, సొంతంగా ఉన్న ఇల్లు కాబట్టి కొంత మినహాయింపు, ఇక్కడ కట్టిన పన్నుకి క్రెడిట్ ఉండొచ్చు. అక్కడ ఒక సీపీఏ (అమెరికాలో మన ఆడిటర్ లాంటివాళ్లు), ఇక్కడ ఒక ఆడిటర్, ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఈ పని చెయ్యకండి.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఆ డబ్బు పెరట్లో పోశాక అది ఎవరిది? ఇల్లు మీ ఇద్దరి పేరు మీద ఉంది, లోన్ మీ ఇద్దరిది, పెరట్లో కట్టింది ఆ ఇంటిలోనే కలిసిపోతుంది. రేపు ఉద్యోగాలు పోయి ఇల్లు అమ్మాల్సొచ్చినా, మీకూ మీ ఆయనకీ మధ్య ఏదైనా తేడా వచ్చినా (రాకూడదు, కానీ సలహా అడిగారు కాబట్టి అంటున్నాను) మామగారి కోటీ అరవై లక్షలకి కాగితం మీద ఏ ఆధారమూ ఉండదు. అత్తగారు ఒక చలికాలం చూసి నేనిక్కడ ఉండలేను, తెనాలి వెళ్లిపోతానంటే ఆ తెనాలిలో ఆవిడకి ఇల్లే ఉండదు. ఇద్దరిలో ఒకరు పోతే మిగిలినవాళ్లు ఎక్కడుంటారు? నాకు తెలిసినంతలో పెద్దవాళ్లు అమెరికాలో కుదురుకోవడానికి బాగా పనికొచ్చేది వెనక్కి వెళ్లడానికి ఒక ఇల్లుందన్న ధైర్యమే.

మామగారి పేరు మీదే ఆ ఏడీయూ రాసేస్తే సరిపోతుందిగా అని మీ ఆయన అనొచ్చు. శాన్ హోసేలో అది వినడానికి కుదిరేలాగే ఉంటుంది, ఏడీయూని కాండోలాగా, అంటే ఉమ్మడి స్థలంలో సొంత ఫ్లాట్ లాగా, విడిగా అమ్ముకోవచ్చని 2023లో రాష్ట్రం చట్టం చేసి ఒప్పుకోవడం మానడం సిటీలకి వదిలేస్తే, 2024లో ముందుగా ఒప్పుకున్న సిటీ మీదే. కానీ దానికి స్థలాన్ని కాండో కింద మార్చాలి, ఉమ్మడి ఖర్చులకి ఒక అసోసియేషన్ పెట్టాలి, మీ 2.75 శాతం లోన్ ఇచ్చిన బ్యాంకు సరేననాలి. ఆ బ్యాంకుకి సరే అనడానికి ఒక్క కారణం కూడా నాకు కనపడటం లేదు.

సరే, అయితే ఏం చెయ్యొచ్చు. నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి, ఏదీ ఖర్చు లేనిది కాదు.

తెనాలిది కదపకుండా మీ ఇంటి ఈక్విటీ (ఇంటి విలువలో అప్పు పోగా మీకు మిగిలేది) మీద, దాన్ని హామీగా పెట్టి కావలసినంత వాడుకునే హెలాక్ లాంటి రెండో లోన్ తీసుకుని ఇప్పుడనుకున్న 750 అడుగులదే కట్టడం ఒకటి. పాత లోన్ అలాగే ఉంటుంది. 3,20,000 డాలర్లు 8 శాతం మీద ఇరవై ఏళ్లకి వేసి చూస్తే నెలకి 2,700 దాకా పడుతుంది, హెలాక్ రేటు మారుతూ ఉంటుంది కూడా. ఇద్దరి జీతాలు వస్తున్నన్నాళ్లు మోయగలరేమో, కానీ ఇంకో ఐదేళ్లకి అమ్మాయి కాలేజీ, ఒకరి ఉద్యోగం పోయిన ఆరు నెలలు, ఈ రెండూ ఆ కిస్తీ పక్కన పెట్టి చూడండి. పెద్దవాళ్లు లేనప్పుడు అద్దెకిస్తే ఆ కిస్తీ వచ్చేస్తుందిగా అని కాంట్రాక్టర్లు చెప్తారు. ఏడాది పొడుగునా అద్దెకిస్తే వస్తుంది, కానీ మీవాళ్లు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అయితే మధ్యలో ఎవరికిస్తారు? ఇలాంటివాటిని 30 రోజుల కన్నా తక్కువకి అద్దెకివ్వకూడదని చాలా సిటీలు షరతు పెడతాయి, పోనీ ఎక్కువ కాలానికిస్తే అత్తగారు టికెట్ బుక్ చేసుకున్నారని అద్దెకున్నవాళ్లు ఆ తేదీకి లేచిపోరు కదా.

రెండోది, చిన్నగా కట్టడం. మీ గరాజ్ ఇంటికి అతుక్కునే ఉందని రాశారు, దాన్ని జూనియర్ ఏడీయూగా మార్చుకోవచ్చు, 500 చదరపు అడుగుల లోపు, ఇంటి గోడల లోపలే, చిన్న వంటిల్లు, బయటికి విడిగా ఒక తలుపు, కావాలంటే ఇంట్లోకి ఇంకోటి. గోడలు, పైకప్పు, పునాది ఉన్నాయి కాబట్టి ఖర్చు సగానికి దగ్గర్లో అయిపోవచ్చు, లక్షన్నర డాలర్లనుకుంటే కిస్తీ 1,250 లెక్కన పడుతుంది. కార్లు బయటే ఉంటాయి, సామాను ఎక్కడ పెట్టాలో అదొక యుద్ధం, గరాజ్ నేల ఇంటికన్నా కిందకి ఉంటే ఆ మెట్టు ఎత్తెయ్యాలి. కానీ అత్తగారి మోకాళ్లకి, రాత్రిపూట అవసరాలకి, ఆవిడ అన్న ఆ మాటకి కూడా ఇదే బాగా సరిపోతుందని నాకనిపిస్తోంది. బాత్‌రూమ్ మీ ఇంటిదే వాడుకునేలా కడితే మీరు ఆ ఇంట్లోనే ఉండాలన్న షరతు ఒకటుంటుంది, అది మీకు అడ్డం కాదు.

మూడో దారి ఏమీ కట్టకుండా ఒక ఏడాది ఆగడం. ఈసారి వాళ్లొచ్చినప్పుడు మీ ఇంటికి నడిచేంత దూరంలో ఒక బెడ్రూమ్ అపార్ట్‌మెంట్ ఆరు నెలలు తీసుకోండి. నెలకి రెండున్నర వేలు వేసుకున్నా పదిహేను వేల డాలర్లు, వృథా అనిపిస్తుంది, కానీ మూడు లక్షలు పెట్టేముందు వాళ్లు అక్కడ విడిగా వండుకుని, విడిగా పడుకుని, పొద్దున్నే పార్కుకి వెళ్లి ఉండగలరో లేదో తెలిసిపోతుంది. ఐదు నెలలు మీ అమ్మాయి మంచం మీద పడుకున్న అనుభవాన్ని బట్టి అది తెలీదు. గ్రీన్ కార్డు సంగతి కూడా ఈ ఏడాదిలో తేలాలి. ఆరు నెలలు దాటి ఇండియాలో ఉండిపోతే తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు, ఏడాది దాటితే కార్డుకే ఎసరు, ముందే రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతి) తీసుకుంటే తప్ప. మెడికేర్ (పెద్దవాళ్లకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య ఇన్సూరెన్స్) కొనుక్కోవాలన్నా కార్డు వచ్చాక ఐదేళ్లు అక్కడ వరుసగా ఉండాలి, అప్పటిదాకా కవర్డ్ కాలిఫోర్నియా అనే రాష్ట్ర ఇన్సూరెన్స్ మార్కెట్‌లోనో బయటో ఇన్సూరెన్స్ కొనాలి, ఇద్దరి ప్రీమియం ఎంతో కనుక్కుని ఇంటి కిస్తీ పక్కనే రాయండి. మీ ఉత్తరంలో అడుగుకి ఎంత పడుతుందో ఉంది గానీ ఇన్సూరెన్స్ ఊసే లేదు.

నాలుగోది మీరు రాయనిది. ఏడీయూ కట్టి అందులో పెద్దవాళ్లని ఉంచకుండా, వాళ్లకి లోపల రూమ్ ఇచ్చి, మీరు వారంలో మూడు రోజులు ఇంటి నుంచి చేసే పని, మీ ఆయన రాత్రి పదింటి కాల్స్, వచ్చే చుట్టాలు, వాటన్నిటినీ బయటికి పంపొచ్చు. అప్పుడు 400 అడుగులు చాలు. అత్తగారికి ఇల్లు మధ్యలో ఉన్నట్టు ఉంటుంది, మీకు తలుపేసుకుని పని చేసుకునే చోటు దొరుకుతుంది. నష్టం ఏంటంటే వంటిల్లు ఒకటే అవుతుంది. ఐదు నెలలు ఒకే వంటింట్లో ఎలా గడిచాయో నాకు రాయలేదు, మీకు తెలుసు.

ఇవి కాకుండా, అన్నీ ఆలోచించి తెనాలిదే అమ్ముదామని మామగారే మనస్ఫూర్తిగా అంటే, అప్పుడు కూడా చెయ్యొచ్చు. కాకపోతే వరసగా చెయ్యాలి. ముందు అన్నదమ్ములిద్దరినీ కూచోబెట్టి ఎవరికెంతో మామగారు తేల్చాలి, కొంత వాళ్ల పేరునే బ్యాంకులో ఉండిపోవాలి, మీ ఇంటికి పెట్టేది కానుకా అప్పా అన్నది కాగితం మీద రాసుకోవాలి, బావగారి వాటా ఆయనకి అందాకే తవ్వకం మొదలవ్వాలి. కొడుకు దగ్గర కాగితాలేంటి అని మామగారే అడ్డం పడొచ్చు, ఆ మాట ప్రేమతో అంటారు కానీ పదేళ్ల తర్వాత కోర్టు మెట్లెక్కే అన్నదమ్ముల్లో చాలామంది నాన్న అలా అన్నవాళ్లే.

బావగారితో మాట్లాడాల్సింది మీరు కాదు. తోడికోడలికి మీరు ఫోన్ చేస్తున్నారని రాశారు, ఆపేయండి, ఆవిడ ఎత్తినా మీరిద్దరూ మాట్లాడుకునేది మొగుళ్ల ఆస్తి గురించి, దాంతో మీ ఇద్దరి మధ్యా కూడా చెడుతుంది. మీ ఆయన్నే వాళ్లన్నయ్యకి ఫోన్ చెయ్యమనండి, గ్రూపులో కాదు, వీడియో కాల్ కూడా కాదు, మామూలు ఫోన్. ఇల్లు అమ్మే సంగతి ఆపేశానన్నయ్యా, నీకు ముందు చెప్పాల్సింది అని రెండు ముక్కలు చాలు. వాటా లెక్కలు ఆ ఫోన్లో ఎత్తకూడదు.

అత్తగారిని ఎలా ఒప్పించాలి అన్నారు. ఒప్పించడం మొదలెట్టకండి, అడగండి. మామగారికి ఈశాన్యం గురించి పట్టింపు వచ్చిందంటే ఆయన మనసులో ఆ ఇంట్లోకి సగం వచ్చేసినట్టే. ఆవిడ రాలేదు. ఆవిడ పెరిగిన ఇళ్లలో పెరడంటే గేదెల కొట్టం, అంట్లు తోమే చోటు, నీళ్ల పొయ్యి, పెద్దవాళ్లు ముందు వసారాలో కూర్చుంటారు, పెరట్లో కాదు. మీరు త్రీడీ బొమ్మలు ఎన్ని పంపినా ఆ సంగతి మారదు. ఆవిడకి అక్కడ ఏం పోతుందో ముందు వినండి, వైకుంఠపురం గుడి, పక్కింటివాళ్లు, ఎవర్నీ అడక్కుండా రిక్షానో ఆటోనో ఎక్కి బజారుకి వెళ్లి రావడం. కారు నడపడం రాని మనిషికి శాన్ హోసేలో గుడికి వెళ్లాలన్నా కొడుకు ఖాళీ చూసుకోవాలి. ఆ మాటలన్నీ అయ్యాక, కట్టడమే అని తేలితే, ప్లాన్ ఆవిడ చేత గీయించండి. గడప దగ్గర మెట్టు ఉండకూడదు, బాత్‌రూమ్‌లో గట్టు లేని షవర్, పట్టుకోవడానికి కడ్డీలు, వీల్‌చెయిర్ పట్టే తలుపులు, పోపు ఘాటు బయటికి పోయేలా గట్టి చిమ్నీ, మీ వంటింటి కిటికీ నుంచి ఆవిడ తలుపు కనిపించేలా ముఖం, రెండిళ్లకీ మధ్య వాన పడినా జారని దారి, దానికి లైట్లు. వాయవ్యానికి జరపడం కూడా ఇప్పుడే తేల్చేయండి. మురుగు లైన్ కాస్త పొడుగవుతుంది, ఖర్చు పెరుగుతుంది, కానీ కాగితం మీద జరపడం చవక, పునాది పోశాక మామగారికి కల్లో వాస్తు పురుషుడు కనపడితే అప్పుడు చేంజ్ ఆర్డర్ల (మధ్యలో ప్లాన్ మార్చినందుకు అదనపు బిల్లులు) కింద చెక్కులు రాస్తూనే ఉంటారు.

కాంట్రాక్టరు విషయం ఒక్కటి. మొదట్లోనే ముప్పై, నలభై వేలు అడుగుతున్నాడని రాశారు కదా, కాలిఫోర్నియాలో ఇంటి పనులకి తీసుకునే డౌన్ పేమెంట్ కాంట్రాక్టులో 10 శాతం గానీ 1,000 డాలర్లు గానీ, ఏది తక్కువైతే అది, అంతకు మించి అడక్కూడదని రూలు. మిగతాది పని జరిగేకొద్దీ ఇవ్వాలి. ముందే అందరి దగ్గరా పెద్ద మొత్తాలు తీసుకుని మూతపడ్డ ఏడీయూ కంపెనీలు ఉన్నాయి. రాష్ట్ర లైసెన్స్ బోర్డు సైట్‌లో ఆయన నంబర్ కొట్టి చూడండి, సిటీ ముందే ఓకే చేసి పెట్టిన ప్లాన్లు కూడా ఉంటాయి, వాటితో డిజైన్ ఖర్చు, టైమ్ కొంత మిగులుతాయి.

ఇక మీ అమ్మగారు. స్వార్థమా అని అడిగారు. హెలాక్ కాగితాల మీద మీ సంతకం కూడా ఉంటుంది, ఇరవై ఏళ్లు మీ జీతంలోంచి కూడా కిస్తీ పోతుంది, అలాంటప్పుడు ఆ ఇంట్లో ఎవరుంటారన్నది వచ్చినప్పుడు చూసుకునే విషయం ఎలా అవుతుంది? మీ ఆయన చెడ్డగా అన్నారని కాదు, ఆయనకి ఆ ప్రశ్న ఇంకా నిజంగా ఎదురవ్వలేదు, అంతే. సంతకం పెట్టేముందే అడగండి, దెబ్బలాటలా కాదు, బడ్జెట్ షీట్‌లో ఒక వరుసలా. మీ అత్తమామలు వెనక ఉంటే అమ్మ లోపల రూమ్‌లో ఉంటుందా, వాళ్లు తెనాలి వెళ్లిన నెలల్లో అమ్మ వెనక ఉంటుందా, అమ్మకి బాగోకపోతే ఎలా. ముగ్గుర్నీ 750 అడుగుల్లో ఒక వంటింటితో పెడదామన్న ఆలోచన మాత్రం ఎవరికొచ్చినా అక్కడే ఆపండి, వియ్యపురాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే. మీరు సిటిజన్ అయ్యారో లేదో రాయలేదు, అయితే అమ్మకి గ్రీన్ కార్డు మీరే వెయ్యగలరు, కాకపోతే విజిటర్ వీసా మీద మామూలుగా ఒకసారికి ఆరు నెలల దాకా ఇస్తారు, దాన్ని బట్టి రూముల లెక్క మారుతుంది.

అన్నట్టు, అంత పెద్ద ఉత్తరంలో అమ్మకి అసలు రావాలని ఉందో లేదో ఎక్కడా లేదండి. మీ ఆయనతో మాట్లాడేముందు ఖమ్మం ఫోన్ చేసి ఆవిడని అడగండి.